ఇనుపకోర ఎవరి కూడు తిన్నది?

నీలకంకణ రాజ్యానికి ఆ పేరు ఉత్తినే రాలేదు. దేశం చుట్టూ నీలాల రంగు కొండలు కంకణంలా తిరిగి ఉంటాయి. పొద్దున వాటి శిఖరాల మీద మంచు ముత్యాలపేరులా మెరుస్తుంది. సందెవేళ లోయల్లో మోదుగులు విరగబూసి, కొండల పాదాలకు ఎవరో పారాణి పెట్టి పోయినట్టుంటుంది. ఆ కంకణానికి అతుకు విడిన చోటు ఒక్కటే. దాని పేరు సింహకనుమ. కొండమేకలు ఎక్కే జాడల మాట వదిలేస్తే, దేశంలోకి చీమ రావాలన్నా, దేశంలోంచి దోమ పోవాలన్నా అదే దారి.

ఆ దారికి అడ్డంగా ఇనుపకోర అనే భూతం కూర్చుని ఉంది.

కూర్చుని ఉందంటే మనం పీట మీద కూర్చున్నట్టనుకునేరు! దాని కుడి మోకాలు ఒక కొండకు, ఎడమ మోకాలు మరో కొండకు ఆనుకుని ఉన్నాయి. బళ్ళు ఆ రెండు కాళ్ళ సందున నడవాలి. ఒళ్ళంతా నల్లరాయి. ఒక్కొక్క కోర ఒక్కొక్క కోట తలుపంత. దానికి ఇనుము తప్ప మరొకటి రుచించదు. ఇనుప గుగ్గిళ్ళు నమిలే మొనగాడెవడని ఎవరైనా అడిగితే, ఇదిగో ఇదేనని చూపించవచ్చు.

ఒకనాటి సాయంత్రం ఆ భూతం కుడి అరచేతిలో ఒక మనిషిని గొలుసులతో కట్టి పడేశారు. అతని పేరు కొలిమి కొండాచారి, దేశంలో కమ్మరులందరికీ పెద్ద. పొద్దు కుంకగానే అతను భూతానికి ఆహారం. అతని ఒక్కగానొక్క కూతురు చెంగల్వ అప్పుడే కనుమ బయట, సాగరిక దేశం నుంచి ఇనుము తెచ్చే బళ్ళలో ఒకదాని మీద, మగవేషంలో, తలపాగా కింద జుట్టు దోపుకుని కూర్చుని ఉంది. తండ్రిని పట్టుకుపోయినప్పుడు సాయం వెతుక్కుంటూ మేకల జాడన కొండ దాటి పోయిన పిల్ల, అతనికి వేసిన శిక్ష విని పరుగున వెనక్కి తిరిగింది. పొద్దు కుంకేలోగా తండ్రిని చేరాలంటే ఈ కనుమే గతి.

"శెట్టిగారూ, ఎడ్లను కాస్త అదిలించండి. పొద్దు వాలిపోతోంది," అంది.

"అదిలిస్తే ఇరుసు విరుగుతుందమ్మా!" అని, నాలుక కరుచుకుని, "కాదు కాదు, ఒరేయ్ గుమాస్తా!" అన్నాడు మకరందశెట్టి. సాగరిక దేశపు వర్తకుడు. పొట్ట పెద్దది, గుండె చిన్నది. అయినా దారిలో ఏడుస్తూ ఎదురైన ఆడపిల్లను బండెక్కించుకున్నాడంటే ఆ గుండెలో ఏదో ఒక మూల తడి ఉన్నట్టే.

"ఒక మాట అడుగుతాను. ఈ భూతం మీ బండిలో సగం మింగేసిన రోజుల్లో మీకు కడుపు మండలేదా?"

"మండకేం? మొదటిసారి బండి పక్కనే కూలబడ్డాను. తర్వాత తెలివొచ్చింది. సగం పోతే మిగిలిన సగానికి రెట్టింపు చెప్పాను. కర్రు లేకుండా మీ రైతు దున్నగలడా? చచ్చినట్టు కొన్నాడు."

"అంటే ఆ సుంకం కట్టింది మీరు కాదన్నమాట."

"నా చేతుల మీదుగా పోయిందంతే. పెద్ద ముక్క మీవాళ్ళ నెత్తినే పడింది. మాకూ కొంత తగిలిందనుకో. ఆ ధర పెట్టలేనివాళ్ళు కొనడమే మానేశారు. మునుపు బారులు తీరి వచ్చే మా బళ్ళు ఇప్పుడిలా వేళ్ళ మీద లెక్కకొచ్చాయి."

చెంగల్వ పళ్ళు కొరికింది. ఈ సుంకం మొలిచిన తీరు ఆమెకు తెలియనిది కాదు. మహామంత్రి కరాళజటుడు, పేరుకే మంత్రి, చేసేది మంత్రగాడి పని, ఉదయకేతు మహారాజు చెవిలో ఊదిన మాట దేశమంతా విన్నదే. "పరాయి ఇనుము చవగ్గా వచ్చి పడితే మన కొలుములు ఆరిపోతాయి ప్రభూ. కనుమలో సుంకం పెడదాం. కట్టేవాడు పరాయివాడు, బాగుపడేవాడు మనవాడు." వినడానికి ఎంత చల్లగా ఉంది! రాజు తలూపాడు. కరాళజటుడు పాతాళం నుంచి భూతాన్ని లేపి, మొదటి ముద్దగా ఇంత ఇనుము నోట పెట్టి, కూడు పెట్టినవాడి మాట జవదాటనని దానిచేత ఒట్టు వేయించుకున్నాడు. ముఖం బయటికి, వీపు దేశానికి పెట్టించి కూర్చోబెట్టాడు.

మొదటి ఏడు కమ్మరివాడల్లో పండగే. అబద్ధమెందుకు? పరాయి ఇనుము ధర రెట్టింపయ్యేసరికి కొండాచారి కరిగించే ఇనుముకూ రెట్టింపు పలికింది. ఆ ఏడే కూతురికి బంగారు మురుగులు చేయించాడు. రెండో ఏడు రైతులు బేరమాడి వెనక్కి పోయారు. మూడో ఏడు బేరానికీ రాలేదు, తుమ్మకర్రతో కర్రు చెక్కుకున్నారు. కొనేవాడు లేని సరుకు ధర ఆకాశంలో ఉంటేనేం, అటక మీద ఉంటేనేం? కొలిమిలో పిల్లి పడుకుంది.

అది చాలదన్నట్టు నిరుటి నుంచి ఇంకో విడ్డూరం. రాగి జెండా కట్టిన బళ్ళే లోపలికి రావాలట, అవీ నెలకు గుప్పెడే. జెండాలిచ్చేది కరాళజటుడు, పుచ్చుకునేది అతని బావమరుదులు, వాళ్ళ దగ్గర బాడుగకు తెచ్చుకునేది శెట్టిలాంటివాళ్ళు. జెండా బండికి సుంకం లేదు. కానీ సరుకు తక్కువ కనుక ధర మాత్రం దిగదు. మునుపు భూతం మింగిన సగాన్ని ఇప్పుడు బావమరుదులు మింగుతున్నారు. భూతానికి పస్తులు. ఆకలి రుచెరుగదు కదా! ఆ పస్తుల భూతానికి ఎదురు తిరిగినవాళ్ళను పడేయడం మంత్రిగారు కొత్తగా కనిపెట్టిన పొదుపు.

కొండాచారి చేసిన నేరం ఒక్కటే. నిండు కొలువులో దాగలి మీద చెయ్యి పెట్టి "ఈ భూతం మా కమ్మరుల మేలుకే" అని ప్రమాణం చేయమన్నారు. నీలకంకణంలో కమ్మరి దేని మీదైనా అబద్ధమాడతాడేమో గాని, ఇనుము సాగగొట్టే ఆ దాగలి మీద ఆడడు. "మొదటి ఏడు నాకు మేలే జరిగింది. ఆ మేలు ఎవరి నోటి దగ్గరి ముద్దో కూడా చెప్పనా?" అన్నాడు. చెప్పనివ్వలేదు.

"వచ్చేశాం," అన్నాడు శెట్టి. అతని గొంతు పిల్లిగొంతు అయింది.

భూతం పాదాల దగ్గర పులితోలు పరిచిన అరుగు మీద కరాళజటుడే స్వయంగా కూర్చుని ఉన్నాడు. అతని జడలు అరుగు దిగి నేల మీద పాకుతున్నాయి. అతని బలమంతా ఆ జడల్లోనే ఉందని, అందుకే వాటిని ఎవరినీ తాకనివ్వడని లోకం అనుకుంటుంది. పక్కనే కొండాచారి ఇంటి నుంచి ఈడ్చుకొచ్చిన దాగలి. దారికి అడ్డంగా మట్టిలో ఒక విరిగిన కర్రు పడి ఉంది.

బండివాళ్ళు దిగి, ఎడ్లను పట్టుకుని, కర్రును దాటుకుంటూ నడిచారు. శెట్టి దాటాడు. చెంగల్వ కాళ్ళు ఆగిపోయాయి. కమ్మరింట పుట్టినవాళ్ళు నేల మీది ఇనుమును దాటరు. తీసి, కళ్ళకద్దుకుని, పక్కన పెట్టి మరీ నడుస్తారు. పాలు తాగే వయసు నుంచి వచ్చిన అలవాటు. వద్దు వద్దని బుద్ధి అరుస్తూనే ఉంది, చెయ్యి వంగింది, కర్రు కళ్ళను తాకింది.

"పట్టుకోండి!" అని కరాళజటుడు పకపకా నవ్వాడు. "గుమాస్తా అయితే దాటిపోయేవాడు. కళ్ళకద్దుకున్నది కమ్మరి రక్తం! ఈ ముక్కను నేను ఊరికే పడేయించాననుకున్నావా?"

భటుడు తలపాగా లాగాడు. జుట్టు నడుము దాకా జారింది. ఆ గడబిడలో కర్రును ఆమె మొలలో దోపుకున్న సంగతి ఎవరూ చూడలేదు.

"అవును, నేను కొండాచారి కూతుర్ని! అన్నం పెట్టే కర్రును నలుగురి కాళ్ళ కింద పడేసి కూర్చున్నావే, నువ్వు మంత్రివా? నీ మంత్రాంగం తగలెయ్య!"

"నోరు బాగానే ఉంది. ఆ నోటితోనే తండ్రిని బతికించుకో," అని దాగలి చూపించాడు కరాళజటుడు. "తండ్రి అననిది నువ్వు అను. ఈ భూతం మేలు చేసిందని ఒక్క మాట. ఇద్దరూ ఇంటికి పోండి."

చెంగల్వ పైకి చూసింది. అంత ఎత్తున, రాతి అరచేతి అంచున, తండ్రి తెల్లటి తల కనబడింది. అది అడ్డంగా ఊగింది. ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. ఆ ఒక్క తల తప్ప ఆమెకు లోకంలో ఎవరున్నారు? అయినా వెళ్ళి దాగలి మీద చెయ్యి పెట్టింది. భటులు, బండివాళ్ళు ఊపిరి బిగబట్టారు.

"ఈ భూతం మేలు చేసింది," అంది గట్టిగా. కరాళజటుడి మీసం కింద నవ్వు విచ్చుకుంది. "మొదటి ఏడు మా నాయనకు చేసింది. ఈ ఏడు నీ బావమరుదులకు చేస్తోంది. మిగిలిన దేశానికి కీడే చేసింది. దాగలి సాక్షిగా ఇదే నిజం!"

ఎవరో బండివాడు "సెబాసు" అన్నాడు, అని చప్పున ఎడ్ల వెనక నక్కాడు.

"పారేయండి దాన్నీ!" అని మంత్రి అరిచాడు. భూతం ఎడమ చెయ్యి దిగి, చెంగల్వను రెండు వేళ్ళతో ఎత్తి తండ్రి పక్కన పడేసింది.

"ఎందుకొచ్చావే అమ్మీ?" అన్నాడు కొండాచారి. గొలుసుల మధ్య అతని ఒళ్ళో పెద్ద సమ్మెట ఉంది. తాత చేతిది, తండ్రి చేతిది, ఇప్పుడతనిది. చావైనా దాంతోనే అన్నాడట. ఇనుమే కదా, భూతానికి నంజుకోవడానికి పనికొస్తుందని మంత్రి వదిలేశాడు.

"నువ్వు రమ్మంటే వచ్చానా, పొమ్మంటే పోవడానికి? జరుగు," అని చెంగల్వ మొలలోంచి కర్రు తీసి గొలుసు కొలికిలో దూర్చి మెలితిప్పసాగింది.

అంతలో సూర్యుడు పడమటి శిఖరాన్ని తాకాడు. అరచెయ్యి పైకి లేచింది. గుహలాంటి నోరు తెరుచుకుంది. అందులోంచి తుప్పు వాసన గుప్పున కొట్టింది. "ఆకలి..." అని ఒక మూలుగు. కొండలు దానికి వంత పాడాయి.

"ఆగు!" చెంగల్వ లేచి నిలబడింది. "తినేముందు ఒక్క మాట. నీ ఒట్టేమిటి?"

"కూడు పెట్టినవాడి మాట జవదాటను."

"నీకు కూడు పెట్టిందెవరు?"

"కరాళజటుడు. మొదటి ముద్ద."

"ఒక్క ముద్దతో ఇన్నేళ్ళు బతికావా? తర్వాతెవరు పెట్టారు?"

భూతం ఆలోచించింది. రాతి బుర్ర కదా, కదలడానికి కొంత సమయం పట్టింది. "బళ్ళు వచ్చాయి. తిన్నాను. అది పరాయి శెట్ల ఇనుము."

"అదిగో కింద ఒక పరాయి శెట్టి ఉన్నాడు. అతన్నే అడుగు. శెట్టిగారూ! మీ మీద ఒట్టు, దారిలో నాతో అన్న మాట దీనితోనూ అనండి!"

"నోరు విప్పావో, జెండాతో పాటు తలా పోతుంది," అని కరాళజటుడు గుడ్లురిమాడు. శెట్టి జెండా వంక చూశాడు, పైనున్న ఆడపిల్ల వంక చూశాడు. పొట్ట చేత్తో పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, "ధరలో కలిపేశాను స్వామీ!" అని కనుమ మారుమోగేలా అరిచాడు. "నువ్వు తిన్నదానికి నేను డబ్బు పోగొట్టుకోలేదు! లోపల కొన్నవాళ్ళే కట్టుకున్నారు! కొనలేనివాళ్ళు పస్తున్నారు!"

"విన్నావా?" అంది చెంగల్వ. "ఇన్నేళ్ళూ నువ్వు తిన్నది మా కూడు. మా రైతుది, మా కూలిదానిది. నీ ఒట్టు నిజమైతే నువ్వు వినాల్సింది మా మాట!"

"నేను చూడలేదే," అంది భూతం అనుమానంగా.

"ఎలా చూస్తావు? వచ్చేవాళ్ళ మీసాలే చూస్తూ కూర్చున్నావు. నీ వీపు వెనక ఏముందో ఎప్పుడైనా చూశావా? ఒక్కసారి మెడ తిప్పు!"

"తిప్పకు! నా ఆజ్ఞ!" కరాళజటుడు అరుగు మీంచి దూకాడు.

"ఆజ్ఞ సరే. నువ్వు కూడు పెట్టి ఎన్నాళ్ళయిందిరా?" అంది ఇనుపకోర.

అని మెడ తిప్పింది. ఏనాడూ తిరగని మెడ. బండలు ఫెళఫెళ విరిగిపడ్డాయి. దుమ్ము మేఘంలా లేచింది. భటులు ఈటెలు పారేసి పరుగు లంకించుకున్నారు.

దుమ్ము విడిపోయాక నీలకంకణం కనబడింది. సందె ఎండలో చేలు పండి ఉన్నాయి. కోయడానికి కొడవళ్ళు లేక ఆడవాళ్ళు కంకులను చేత్తో తెంపుతున్నారు, వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టుకుని. ఒక మెరకలో అన్నదమ్ములిద్దరు కర్రనాగలిని ఈడుస్తున్నారు, అది మన్నును గీరుతోందే గాని చీల్చడం లేదు. కమ్మరివాడలో ఒక్క కప్పు మీదా పొగ లేదు. చేలల్లోని జనం అప్పుడే మొదటిసారి ఆ ముఖం చూసి ఎక్కడివాళ్ళక్కడ కొయ్యబారిపోయారు.

"వీళ్ళ కూడా నేను తిన్నది?" అంది ఇనుపకోర. ఈసారి గొంతులో ఉరుము లేదు. అరచేతిని మెల్లగా దించి, తండ్రీకూతుళ్ళను నేల మీద పెట్టింది. చెంగల్వ కర్రును ఇంకొక్క మెలి తిప్పింది. కొలికి ఊడి గొలుసు జారిపోయింది. అప్పుడు గాని తండ్రిని కావలించుకుని ఏడవడానికి ఆమెకు తీరిక చిక్కలేదు.

అదీ ఎంతసేపు! కనుమ పక్కన శిలాతోరణం మీద నుంచి వికటంగా ఒక నవ్వు వినబడింది. కరాళజటుడు అప్పటికే కోతిలా అక్కడికి ఎగబాకాడు. చేతిలో ఖడ్గమృగం కొమ్ముతో చేసిన బూర.

"వాకిలి ఉంటేనే కదా మీ రగడ! అసలు వాకిలే లేకుండా చేస్తాను! మూడుసార్లు ఊదితే కంకణం అతుక్కుంటుంది. ఇక పరాయి దేశపు మేకు కూడా రాదు. నా కొట్లలో దాచింది నేను చెప్పిన ధరకు కొనుక్కుని, దేశభక్తి అని పాడుకోండి!"

మొదటి ఊదు ఊదాడు. రెండు పక్కలా కొండలు కదిలాయి. వెనక బండి ఎడ్లు బెదిరి అంబా అన్నాయి. ఇనుపకోర మోకాళ్ళతో, మోచేతులతో రెండు కొండలనూ అదిమిపట్టింది. రెండో ఊదు. దాని భుజాలు చిట్లి రాతిపొడి రాలింది.

"నిలవలేకపోతున్నాను... ఆకలి," అంది. తల నేల దాకా వంచి చెంగల్వ వంక చూసింది. "ఇన్నాళ్ళు అడక్కుండా తిన్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. పెడతారా?"

చెంగల్వ చేతిలోని కర్రును దాని నోట్లోకి విసిరింది. ఏనుగుకు ఆవగింజ. కొండ ఇంకో బారెడు జరిగింది. కొండాచారి తన సమ్మెట వంక చూసుకున్నాడు. పిడి మీద మూడు తరాల అరచేతుల నునుపు. కొలువులో తల పోతుందన్నా వంచనివాడు ఇప్పుడు దాన్ని కళ్ళకద్దుకున్నాడు. ముసలి కళ్ళు చెమ్మగిల్లాయి.

"నాయనా, అది లేకపోతే నువ్వు..."

"నీ నోరు ముయ్యవే. మింగినప్పుడు సుంకం. పెట్టినప్పుడు కూడు. ఇది కూడు," అని రెండు చేతులా ఎత్తి, ఆకలిగొన్న బిడ్డకు తినిపించినట్టు భూతం నోట్లో పెట్టాడు.

ఇనుపకోర నమిలింది. దాని ఒంట్లో నల్లరాయి ఎర్రగా కాలింది. భుజాలు బిగుసుకున్నాయి. కొండలు ఆగిపోయాయి. అప్పుడు వెనక నుంచి కలకలం వినబడింది. చేలల్లో కొయ్యబారినవాళ్ళు కదిలి వస్తున్నారు. అందరికన్నా ముందు పరుగెత్తే ముసలమ్మ చేతిలో సగం అరిగిన కొడవలి ఉంది. ఆ ఊరికంతటికీ మిగిలింది అదొక్కటే.

చెంగల్వ వాళ్ళ కోసం ఆగలేదు. మూడో ఊదు ఊదితే భూతం నిలిచినా కనుమ నిలవదు. చీర కాదు కదా అడ్డం పడడానికి, మగవేషం ఇప్పుడు పనికొచ్చింది. శిలాతోరణం పక్కరాళ్ళు పట్టుకుని ఎక్కసాగింది.

"చేతిలో ఏమీ లేదే అమ్మీ!" అని కింద నుంచి కొండాచారి కేకేశాడు.

"చేతులున్నాయి కదా నాయనా!"

పైన కరాళజటుడు ఊపిరి నిండా పీల్చుకుని బూర పెదాలకు ఆనించాడు. తోరణం అంచు మీదుగా వేలాడుతున్న అతని జడలు గాలికి చెంగల్వ ముఖానికి తగిలాయి. ఆమె వాటిని రెండు చేతులా ఒడిసిపట్టుకుని, తన బరువంతా వాటి మీద వేసి, కాళ్ళు వదిలేసింది. కరాళజటుడు అంచు మీద బోర్లా పడ్డాడు, బూర చేజారి మూడో ఊదు ఊదకుండానే కింది రాళ్ళ మీద ముక్కలైంది.